ఆవగింజలోని సీతాకోకచిలుక

తెలుగువారు ఒకే ప్రాణికి రెండు బట్టలు కట్టారు. రెక్కలు విప్పి పువ్వుమీద వాలినప్పుడు దానిని సీతాకోకచిలుక అన్నారు. సీతమ్మవారి కోక కట్టుకున్న చిలుక అన్నమాట. ఆకుమీద పాకుతూ ఆ ఆకునే తింటున్నప్పుడు గొంగళిపురుగు అన్నారు. ముతక గొంగడి కప్పుకున్న పురుగు అన్నమాట. కోక కట్టినది పిల్లల పాటలలోకీ వాకిటి ముగ్గులలోకీ వచ్చింది. గొంగడి కప్పుకున్నది చీపురుపుల్ల మీదికెక్కి పెరటి అవతలికి పోయింది. రెండూ ఒకటేనన్న సంగతి బడికి వెళ్లే ప్రతి పిల్లవాడికీ తెలుసు. అయినా ఆ తెలివి మన నడవడిలోకి రాలేదు. అందాన్ని ప్రేమిస్తూ, ఆ అందానికి కావలసిన అన్నాన్ని మాత్రం పెట్టబోమనే ఈ వైఖరి న్యాయమేనా? చూడడానికి ఇది చిన్న ప్రశ్నే. పట్టి లాగితే మాత్రం పంటల వైవిధ్యం, విత్తనాల గిడ్డంగులు, ఢిల్లీ చుట్టుపట్ల ఆవచేలు, చివరకు మన ఊరగాయ జాడీ కూడా దానివెంట కదలివస్తాయి.

నాకు ఈ ప్రశ్న పుస్తకంలో ఎదురుకాలేదు. ఢిల్లీలో స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాలలో ఉన్నట్టే మా బాల్కనీలోనూ కుండీలో ఒక కరివేపాకు మొక్క ఉన్నది. ఇక్కడి చలికి పుష్యమాసం వచ్చేసరికి ఆకు రాల్చి కట్టెపుల్లలా నిలబడుతుంది. ఎండలు ముదిరాక చిగురిస్తుంది, వానలు పడగానే గుబురు కడుతుంది. సరిగ్గా అప్పుడే లేత ఆకులమీద పిట్టరెట్టను పోలిన నలుపు తెలుపు మచ్చల పురుగులు కనబడతాయి. కొద్దిరోజులలో అవే ఆకుపచ్చగా మారి చిటికెనవేలంత అవుతాయి. పుల్లతో తాకితే చాలు, తలవెనుకనుంచి ఎర్రని రెండు కొమ్ముల వంటిదానిని బయటికి చాచి ఘాటైన వాసన వదులుతాయి. శాస్త్రజ్ఞులు దీనిని పాపిలియో పాలిటిస్ అంటారు. నిమ్మ, బత్తాయి, కరివేపాకు ఇవన్నీ ఒకే కుటుంబపు మొక్కలు; ఆ కుటుంబమే దీని పిల్లలకు అన్నం. నాలుగైదు పురుగులు ఉంటే కుండీలోని మొక్కకు వారంలో ఈనెలే మిగులుతాయి.

“పప్పుచారులోకి ఒక్క రెబ్బ మిగలనిచ్చేలా లేవు. తీసి అవతల పారేయండి” అన్నది మా ఇల్లాలు. నేను తీయలేదు. అహింసాబుద్ధితో తీయలేదని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఈ పురుగు పోతే ఆ రెక్కల ప్రాణి నా బాల్కనీలో పుట్టదు గదా అన్న లోభమే కారణం. అంటే నేనూ కోకనే ప్రేమించాను. గొంగడిని సహించాను, అంతే.

మన పూర్వులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. భారతం ఆరణ్యపర్వంలో మిథిలానగరంలో మాంసం అమ్ముకొని బ్రతికే ధర్మవ్యాధుడు, తనను వెతుక్కుంటూ వచ్చిన కౌశికునితో చేసిన వాదం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నాగలి పట్టినవాడు నేలలోని ఎన్నో ప్రాణులను చంపుతున్నాడు, మనం తినే గింజలలోనూ జీవం ఉన్నది, నడిచేవాని పాదం కిందనూ ప్రాణులు నలుగుతున్నవి, కనుక హింస చేయనివాడు ఎవడని దాని సారాంశం. శాంతిపర్వంలో తులాధారుడనే వర్తకుడు జాజలికి చేసిన బోధలో సైతం నాగలి కలిగించే బాధ ప్రసక్తి వస్తుంది. ఈ ఇద్దరూ లెక్కపెట్టినది ప్రాణాలను. ఒక ప్రాణం, దానిని తీసిన ఒక చేయి, ఆ చేతికి అంటిన పాపం. ఆ లెక్క తక్కువదేమీ కాదు. మన దేశపు నైతిక చింతనలో సగం దానిమీదనే నిలిచింది. కాని అందులో ఇమడని సంగతి ఒకటున్నది. ఒక్క ప్రాణిని కూడా చంపకుండా ఒక జాతిని ఒకచోట లేకుండా చేయవచ్చును. అది గ్రహించడానికి మనం జీవపరిణామ శాస్త్రం దాకా రావలసి వచ్చింది.

1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు యువ శాస్త్రజ్ఞులు ‘ఎవొల్యూషన్’ అనే పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. ఒకరు సీతాకోకచిలుకలను చదివిన పాల్ ఎర్లిక్, మరొకరు మొక్కలను చదివిన పీటర్ రేవెన్. ఏ సీతాకోకచిలుకల పిల్లలు ఏ మొక్కలను తింటాయన్న సమాచారాన్ని వారు లోకం నలుమూలలనుంచి పోగుచేసి చూశారు. చూస్తే అది యాదృచ్ఛికంగా లేదు. దగ్గరి చుట్టరికమున్న సీతాకోకచిలుకలు దగ్గరి చుట్టరికమున్న మొక్కలనే ఆశ్రయించాయి. మొక్క కదలలేదు, పారిపోలేదు. కాబట్టి విషాలు తయారు చేసుకుంటుంది. ఎన్నో తరాల తర్వాత ఆ విషాన్ని జీర్ణించుకోగల పురుగు ఒకటి పుడుతుంది. మొక్క వంశంలో మరొక కొత్త విషం పుడుతుంది. కోట్ల సంవత్సరాలుగా సాగిన ఈ వాదప్రతివాదంలోనుంచే అటు మొక్కలలోనూ ఇటు పురుగులలోనూ ఇంత వైవిధ్యం పుట్టిందని వారి సిద్ధాంతం. సహపరిణామం అన్న మాట శాస్త్రలోకంలో స్థిరపడినది ఆ వ్యాసంతోనే.

దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఆవ. ఆవగింజను నలపకుండా నోట వేసుకుంటే ఘాటు ఉండదు. గ్లూకోసినోలేటులనే పదార్థాలు ఒకచోట, వాటిని విడగొట్టే ఎంజైము వేరొకచోట ఎడంగా ఉంటాయి. నమిలినా నూరినా రెండూ కలిసి, ముక్కుపుటాలు అదిరే ఆ ఘాటు పుడుతుంది. ఇది మనకోసం పుట్టిన రుచి కాదు. నమిలే పురుగు నోటికోసం మొక్క సిద్ధపరచుకున్న ఆయుధం. అయితే క్యాబేజీ తెల్ల సీతాకోకచిలుక జాతులు ఆ ఆయుధాన్నే ఆహ్వానపత్రికగా మార్చుకున్నవి. ఈ ఘాటు పదార్థాలలో ఒకటైన సినిగ్రిన్ పూస్తే, ఆ పురుగులు మామూలుగా ముట్టని ఆకులను సైతం తింటాయని డచ్చి వృక్షశాస్త్రజ్ఞుడు వెర్షాఫెల్ట్ 1910లోనే చూపించాడు. విషం పుట్టకుండా రసాయన క్రియను దారి మళ్లించే ప్రోటీను ఒకటి వాటి జీర్ణకోశంలో ఉన్నదని 2004లో తెలిసింది. ఎనిమిది తొమ్మిది కోట్ల సంవత్సరాల పొడవునా ఈ రెండు వంశాలూ ఒకదానిని చూసి మరొకటి మెట్టుమెట్టుగా తమ జన్యువులను పెంచుకుంటూ వచ్చాయని 2015లో వెలువడిన పరిశోధన వివరించింది. మనిషన్నవాడు లేని కాలంలో మొదలైన ఆ తగవు పండితే వచ్చిన ఫలం మన ఆవకాయ జాడీలో ఉన్నది. వేసవిలో ఆవపిండి కలుపుతూ కళ్లు తుడుచుకొనే మన ఇంటి ఆడవారు ఏనాటి పురుగునో ఉద్దేశించిన దెబ్బకు కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు.

ఇదే ఎర్లిక్‌కు మన రాజధానితో మరొక సంబంధం ఉన్నది. అది అంత సంతోషకరమైనది కాదు. 1966లో ఆయన భార్యతో, కుమార్తెతో ఢిల్లీకి వచ్చాడు. ఒక ఉక్క రాత్రి టాక్సీలో ఒక పేదల బస్తీ గుండా పోతూ వీధినిండా కనబడిన జనాన్ని చూసి బెదిరిపోయాడు. 1968లో ప్రచురించిన ‘ది పాపులేషన్ బాంబ్’ అనే గ్రంథం ఆ ఢిల్లీ రాత్రితోనే మొదలవుతుంది. రాబోయే దశాబ్దంలో కోట్లమంది ఆకలితో చనిపోతారని అందులో జోస్యం చెప్పాడు. ఆ జోస్యం ఆయన చెప్పిన రీతిలో ఫలించలేదు. నాకు మాత్రం ఆ జోస్యం తప్పడం కన్న ఆ చూపు తప్పడమే పెద్ద దోషంగా కనబడుతుంది. ఒక సీతాకోకచిలుకకూ మరొక సీతాకోకచిలుకకూ, ఒక ఆకుకూ మరొక ఆకుకూ ఉన్న భేదాన్ని అంత సూక్ష్మంగా పట్టిన కన్ను, ఢిల్లీ వీధిలో మనుషులను ఒకే ముద్దగా చూసింది. ఎవరిని దగ్గరగా చూస్తామో వారిలోనే మనకు వైవిధ్యం కనబడుతుంది కాబోలు.

జోస్యం ఫలించకపోవడానికి ఉన్న కారణాలలో ఒకటి ఢిల్లీలోనే మొలిచింది. 1934 భూకంపంలో బీహారులోని పూసాలో దెబ్బతిన్న వ్యవసాయ పరిశోధన సంస్థ 1936లో రాజధానికి తరలివచ్చి, వస్తూ తన ఊరి పేరును కూడా వెంట తెచ్చుకున్నది. ఆ పూసా శాస్త్రజ్ఞులు ఢిల్లీ సరిహద్దులోని జౌంతీ గ్రామంలో రైతులచేత పొట్టిరకపు గోధుమ విత్తనం పండించారు. 1966లో మెక్సికోనుంచి 18,000 టన్నుల విత్తనం దిగుమతి అయింది. గింజలకొరతను తలచుకొని భయపడుతున్న దేశానికి అన్నం దొరికింది. దీనిని తక్కువచేసి మాట్లాడే హక్కు, ఆ రోజులలో రేషను దుకాణం ముందు నిలబడని నాబోటి వారికి లేదు.

అయితే ఆ విజయం పొడసూపుతున్న రోజులలోనే, 1968 జనవరిలో వారణాసిలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెసులో ఎం.ఎస్. స్వామినాథన్ ఒక హెచ్చరిక చేశారు. ఆయా ప్రాంతాలకు అలవాటుపడిన అనేక రకాలను తీసివేసి ఒకటి రెండు అధిక దిగుబడి రకాలనే అంతటా వేస్తే తెగుళ్లు పంటను తుడిచిపెట్టగలవన్నారు. విప్లవాన్ని నడిపిస్తున్న మనిషే దాని ప్రమాదాన్ని చెప్పడం మన ప్రజాజీవితంలో అరుదుగా జరిగే పని. 1970ల దశకంలో కళ్యాణ్ సోనా అనే గోధుమ దేశమంతటా పరచుకొని తుప్పు తెగులుకు లొంగిపోయింది. పోయిన రకాలు పూర్తిగా పోకుండా చూడడానికే 1976లో ఆ పూసా ఆవరణలోనే జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ఏర్పడింది. నాలుగు లక్షలకు పైగా విత్తన నమూనాలు అక్కడి జన్యునిధిలో సున్నకు 18 డిగ్రీల దిగువ చలిలో నిద్రపోతున్నవి.

వీటిని ఎందుకు దాచాలి? దీనికి పాలనాయంత్రాంగానికి వెంటనే అర్థమయ్యే సమాధానం ఒకటున్నది: ఎప్పుడైనా పనికివస్తాయి. దీనికి ఉదాహరణలకు కొదువలేదు. కావ్యాలలో మునులు ఆరగించే నివ్వరి ధాన్యం మనకు తెలుసు. 1970ల తొలినాళ్లలో గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు ఆసియా వరిచేలను పట్టినప్పుడు ఆరువేలకు పైగా రకాలను పరీక్షించగా, ఉత్తరప్రదేశ్‌నుంచి సేకరించిన నివ్వరి నమూనా ఒక్కటే దానికి తట్టుకున్నది. ఆ గుణాన్ని పొదిగిన ఐఆర్ 36 వంటి వరులు కోట్ల ఎకరాలను కాపాడాయి. మునుల అన్నం లోకానికి అన్నమయింది. వినడానికి ఎంతో బాగున్న వాదం.

నాకు దీనితో పేచీ ఉన్నది. పనికివస్తుంది కనుక కాపాడుదామన్న మాటలో, పని తీరాక పారవేద్దామన్న మాట దాగి ఉన్నది. కూరలో కరివేపాకు అన్న నుడికారం మనకు ఊరకే రాలేదు. కాపాడవలసిన గుణం ఏదో ముందుగా తెలిసిఉంటే ఆ ఒక్క జన్యువును దాచుకొని తక్కిన మొక్కను వదలివేయవచ్చును. ఇంకొంచెం ముందుకు పోతే, ఆవగింజలో ఘాటు ఎందుకు అని కూడా అడగవచ్చును. నిజానికి అడిగారు. ఘాటు పదార్థం ఎక్కువైతే తెలకపిండి పశువులకు హితవుకాదు. అందుచేత నూనెలో ఎరూసిక్ ఆమ్లాన్ని, పిండిలో గ్లూకోసినోలేటులను బాగా తగ్గించిన ‘డబుల్ జీరో’ ఆవను పూసాలోనే రూపొందించారు. కాని ఘాటు తగ్గిన మొక్క ఆకును ఇదివరకు ముట్టని పురుగులు కూడా ముట్టగలవు. ఈ చిక్కుకు ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థవారు 2023లో చమత్కారమైన పరిష్కారం ప్రకటించారు. గ్లూకోసినోలేటులను గింజలోకి మోసుకుపోయే జన్యువులను సవరించి, ఆకులో ఘాటు నిలిపి గింజలో తగ్గించారు. పురుగుకు కారం, మనకు చప్పన. (జన్యుమార్పిడి ఆవ డీఎంహెచ్-11 విషయంలో 2024 జూలైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరు వేరువేరు తీర్పులిచ్చిన సంగతి విదితమే, ఆ వివాదం ఇక్కడ నా విషయం కాదు.)

ఈ పరిశోధనలో నాకు తప్పేమీ కనబడదు, మెచ్చుకోవలసిన నేర్పే కనబడుతున్నది. నా ప్రశ్న దాని తరువాతది. అన్ని చేలలోనూ అదే ఆవ వేస్తే, రేవాడీ, మహేంద్రగఢ్ ప్రాంతాలలో మాఘమాసపు పచ్చదనమంతా ఒకే మొక్కకు నకళ్లయితే, హిమాలయాలనుంచి చలికాలంలో మైదానాలకు దిగివచ్చే ఆ తెల్ల సీతాకోకచిలుకకూ ఆవకూ నడిచిన సంవాదం ఏమవుతుంది? చలిగదిలో ఉన్న విత్తనం చెడిపోదు. కాని అది వాదించదు కూడా. 1980లో లోపల పెట్టిన గింజ 1980 నాటి శత్రువులనే ఎరుగును. బయట పురుగు మారుతున్నది, ఎండ మారుతున్నది. వైవిధ్యం అంటే వస్తువుల పట్టిక అనుకుంటే జన్యునిధి చాలు. అది సంబంధం అనుకుంటే చాలదు. నేను రెండవ పక్షం.

సంబంధానికి కలిగే హాని ఎటువంటిదో ఎర్లిక్ వద్ద శిష్యరికం చేసిన మైకేల్ సింగర్, ఆయనతో కలిసి కమీల్ పార్మెసన్ 2018లో ‘నేచర్’ పత్రికలో రాసిన వృత్తాంతం తెలుపుతుంది. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని ఒక పచ్చికబయలు. అక్కడ ఎడిత్ చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక ఒక స్థానిక మొక్కమీద గుడ్లు పెట్టేది. పశువుల పెంపకంతోపాటు యూరపునుంచి ప్లాంటేగో అనే కలుపుమొక్క వచ్చింది. అది పిల్లలకు ఎక్కువ కాలం పచ్చని ఆహారం ఇచ్చింది. తరతరానికీ సీతాకోకచిలుకలు పాత మొక్కను విడిచి కొత్తదానినే కోరసాగాయి. 2005లో అక్కడ పశువులను మేపడం ఆగింది. మేత ఆగగానే గడ్డి ఎత్తుగా పెరిగి ప్లాంటేగోను కమ్మేసింది. నీడలో పిల్లలకు వెచ్చదనం చాలలేదు. 2008 నాటికి ఆ బయలులో ఒక్కటీ మిగలలేదు. పాత మొక్క పక్కనే ఉన్నది; దానిని కోరుకొనే స్వభావమే వాటిలో పోయింది. కొన్నేళ్లకు వేరొకచోటినుంచి వచ్చిన సీతాకోకచిలుకలు మళ్లీ ఆ పాత మొక్కమీదనే కాపురం పెట్టాయి.

ధర్మవ్యాధుని తూకంలో ఈ హింస తూగదు. ఎవరూ చంపలేదు, మందు చల్లలేదు. పశువుల కాపరికి ఆ సీతాకోకచిలుక ఉన్నదనే తెలియకపోవచ్చును. ఒకరిని మన అలవాటుకు మరపి, ఆ తర్వాత మన అవసరం మారిందని ఆ అలవాటును లాగివేసుకోవడం మనుషుల మధ్య జరిగితే దానిని ద్రోహం అంటాము. పురుగు విషయంలో ఏమనాలో మనకింకా మాట లేదు. దానికి ముందు కావలసినది ఆ మాటేనని నాకు తోస్తుంది.

ఈ మాటలు సేద్యగాడికి చెప్పడం సులభమే, వినవలసిన అగత్యం ఆయనకు లేదు. క్యాబేజీమీదనే అప్పు తెచ్చుకున్నవానిచేత పురుగుతో సంవాదం చేయమనడం, కుండీలో మొక్క పెంచుకొనేవాని విలాసం. అందుకే నాకు పస్తాపూర్ ముఖ్యమనిపిస్తుంది. పూర్వపు మెదక్, నేటి సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు దగ్గరి ఊరది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని స్త్రీలు, ఎక్కువమంది దళితులు, చిన్న కమతాలవారు, ఒకే చెలకలో జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుములు, నువ్వులు మొదలుగా పది ఇరవై పంటలు కలిపి వేస్తారు. విత్తనాన్ని ఇంట్లోనే బూడిదతో, వేపాకుతో దాచి, అప్పు తీసుకున్నదానికి రెట్టింపుగా పొరుగువారికి తిరిగి ఇచ్చుకుంటారు. ప్రతి ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్లమీద ఆ గింజలను ఊరూరా తిప్పి పాత పంటల జాతర చేస్తారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ పురస్కారం లభించింది. అక్కడ కంది పూతలో పురుగు పడితే ఇల్లు కూలదు, జొన్న నిలబడుతుంది. వారు పురుగును ప్రేమిస్తున్నారని నేననను. పురుగుకు కొంత పోయినా బ్రతకగలిగేలా చేను కట్టుకున్నారు. దయకు కూడా ఒక ఆర్థిక ఆధారం కావాలి. దానిని వైవిధ్యం ఇస్తున్నది.

అధికార పాఠకులు ఉన్నారు గనుక ఒక మాట. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద ఒక రకం నమోదు కావాలంటే అది విశిష్టంగా, ఏకరూపంగా, స్థిరంగా ఉండాలి. రైతుల రకాలకు ఏకరూపత విషయంలో కొంత సడలింపు ఉన్నది. కాని తనలో తాను తేడాలు కలిగి ఉండడం, ఏడాదికేడాదికీ కొద్దిగా మారడం పాత పంట సుగుణమే. సుగుణాన్ని సడలింపుగా క్షమించే నిబంధన, ఎంత సదుద్దేశంతో వచ్చినా, తాను కాపాడదలచిన దానిని కొంత అపార్థం చేసుకున్నట్టే.

మళ్లీ నా కుండీ దగ్గరికి వస్తాను. నా కరివేపాకును తింటున్న జాతిమీద కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహపరిశోధకులు 2014లో ‘నేచర్’లో ప్రకటించిన ఫలితాలు లోకమంతటా చదివారు. దక్షిణాపథపు సీతాకోకచిలుకలమీద కుంటే రాసిన గ్రంథాన్ని హైదరాబాదు యూనివర్సిటీస్ ప్రెస్ 2000లో వెలువరించింది. మనవారికి అప్పటినుంచే ఆయన పరిచితుడు. ఈ జాతిలో ఆడవి రెండు మూడు వేషాలలో ఉంటాయి. కొన్ని మగదానిలాగే ఉంటాయి. కొన్ని వేరే జాతికి చెందిన కామన్ రోజ్ అనే విషపు సీతాకోకచిలుక వేషం కడతాయి. పిట్టలు భ్రమపడి వదలివేస్తాయి. ఈ వేషాన్నంతటినీ నడిపేది డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువని ఆ పరిశోధన తేల్చింది. కామన్ రోజ్‌కు ఆ విషం ఈశ్వరి, గాడిదగడప వంటి తీగెలనుంచి వస్తుంది. ఆ తీగెలు పోతే కామన్ రోజ్ పోతుంది. అసలు విషం కలది లేకపోతే పిట్టలకు భయం పోతుంది. వేషానికి విలువ పోతుంది. కరివేపాకు తప్ప మరొకటి ఎరుగని నా బాల్కనీ ప్రాణి, తాను ఎన్నడూ ముట్టని ఒక కలుపుతీగె దయమీద కూడా బ్రతుకుతున్నది. ఏ పనికిరాని మొక్కను పీకివేస్తే ఎవరి వేషం చెడుతుందో ముందుగా చెప్పగలవారు లేరు.

ఇంట్లో చివరకు రాజీ కుదిరింది. కింది కొమ్మలు పప్పుచారుకు, పైకొమ్మలు పురుగులకు. పురుగులు ఒప్పందాన్ని పాటించలేదు. మా ఇల్లాలే ఇంకొక మొక్కను తెప్పించి రెండవ కుండీలో నాటింది. పాతది వాటికి వదిలేశామన్నది. భాద్రపదం చివరలో ఒక ఉదయం ఎండిన ఆకును పోలిన ప్యూపానుంచి ఒకటి వెలువడింది. నల్లని రెక్కలు, వెనుక రెక్కలో తెల్లని పట్టెలు, అంచున ఎర్రని మచ్చలు. కామన్ రోజ్ అనుకొని దగ్గరగా చూశాను. దాని ఒళ్లు ఎర్రగా ఉంటుంది. దీని ఒళ్లు నలుపు. వేషం కట్టినదే. రెక్కలు ఆరేదాకా గంటసేపు కొమ్మకు వేలాడింది. మా ఇల్లాలు పక్క కుండీలోనుంచి రెండు రెబ్బలు తుంచుకొని, అది బెదరకుండా తలుపు మెల్లగా వేసి లోపలికి వెళ్లింది.